పదిహేను పళ్ల చక్రం

మా అమ్మకి రెండు కళ్లలోనూ పువ్వు పడి చూపు పోయాక, మా ఇంట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "ఎంత పొద్దయిందిరా నాయినా?" అని ఆవిడ అడగడం, నేను చెప్పడం. చెప్పిన కాసేపటికి మళ్లీ అడిగేది. నేను బాడిసతో కర్ర చెక్కుతూ ఉండేవాణ్ని. "ఇప్పుడే కదే చెప్పాను!" అని విసుక్కుంటే, "అప్పుడు సెప్పింది అప్పటి పొద్దు. ఇప్పుడెంత?" అనేది.  బాడిస పక్కన పెట్టి లేచేవాణ్ని.

నాకు ముక్కు మీద కోపమని మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. బండి చక్రం బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ముందు అరుగు మీద మా అమ్మ దగ్గర ఆగి, ఈ పూట నా కోపం ఎలా ఉందో వాకబు చేసి అప్పుడు పెరట్లోకి వచ్చేవారు. ఆవిడ నవ్వి, "పరవానేదు, ఎల్లండి" అని పంపేది.

మాది వడ్రంగి కుటుంబం. కవిటికి తూర్పుగా, కొబ్బరితోటలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట మా ఇల్లు. ఊరు కాస్త వెనక్కి ఉండేది. బండి చక్రాలు, తోటలు తడిపే ఏతాలు, తలుపులు, నాగళ్లు, ఇవే మా పని. మా నాన్న పోయేనాటికి పని మొత్తం నా చేతికొచ్చింది. నా పెళ్లాం కాపరానికొచ్చిన రెండో ఏడే కలరాకి పోయింది. పిల్లలు లేరు. మళ్లీ చేసుకోమని అందరూ చెప్పారు. నేను వినలేదు. మా అప్పని, అంటే అక్కని, టెక్కలి ఇచ్చారు. ఇంక ఇంట్లో మిగిలింది మా అమ్మ, నేను. సముద్రం హోరు తప్ప ఇంకో చప్పుడు వినబడని పొద్దులు ఎన్నో ఉండేవి. పక్కవాళ్లింట్లో పిల్ల ఏడిస్తే, గాలి ఇటు తిరిగినప్పుడు వినబడితే, ఉలి ఆపి వినేవాణ్ని.

అప్పట్లో మాకు పొద్దంటే నీడే. ఎండలో నిటారుగా నిలబడి, నీడ కొస ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని, ఎవడి నీడని వాడి అడుగులతో వాడే కొలుచుకోవాలి. అమ్మ అడిగినప్పుడల్లా నేను వాకిట్లోకి వెళ్లి కొలుచుకొచ్చి, ఇన్ని అడుగులని చెప్పేవాణ్ని. అక్కడితో అయిపోయేది కాదు. ఆవిడకి ప్రతి పొద్దుకీ ఒక మనిషి ఉండేవాడు. "అయితే మీ నాయిన ఏతం దిగీ ఏళ" అనేది. ఇంకో పొద్దు చెబితే, "అయితే మీ అప్ప పుట్టిన ఏళ, ఆ ఏళకి మంత్రసాని ఇంకా రానేదు" అని మొదలుపెట్టేది. నేను ఊకొడుతూ పనిలోకి పోయేవాణ్ని. నాకది పనికి అడ్డమనే ఉండేది.

ఎండ కాసే రోజుల్లో ఆవిడ అడిగేది గానీ, నా అవసరం అంతగా ఉండేది కాదు. అరుగు మీద కూర్చుంటే ఏ చెంప వేడెక్కిందో దాన్నిబట్టి పొద్దు తూర్పునుందో పడమటనుందో తెలుసుకునేది. ముసురు పడితే మాత్రం పూర్తిగా దారి తప్పేది. రెండు చెంపలూ ఒకేలా చల్లగా ఉంటే ఏం తెలుస్తుంది?

ఆ ఏడు వానాకాలంలో అలాంటి ముసురులోనే గొడవ వచ్చింది. పలాసలో రైలు సరుకులు దించే చోట ఒక బండి చక్రం విరిగితే నేను బాగు చేయడానికి వెళ్లాను. అమ్మ మధ్యాహ్నం గంజి తాగి కునుకు తీసింది. లేచేసరికి సాయంకాలం. ఆవిడేమో తెల్లవారింది అనుకుంది. వాకిట్లో పేడనీళ్లు జల్లింది. తరవాత కుండ తీసుకుని తోట చివరి బావికి బయలుదేరింది. ఆ దారి ఆవిడ కాళ్లకి బాగా తెలుసు, కానీ వానకి ఇసక కదిలి దారి చెదిరిపోయింది. బావి దాటిపోయింది. చీకటి పడే వేళకి అలల చప్పుడు వైపే నడుస్తూ ఉంటే, కల్లు గీసే ఒకాయన చెట్టు మీంచి చూసి, దిగి పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే, "తెల్లారింది గదా, నీళ్లకి" అందట.

నేను ఇంటికొచ్చి ఆ సంగతి విన్నాను. ఆవిడని ఏమీ అనలేదు. ఏమన్నా అంటే ఏడుస్తానని భయం వేసింది.

కబురు టెక్కలి చేరింది. మా అప్ప బండి కట్టించుకుని వచ్చేసింది. వచ్చినావిడ కాళ్లు కూడా కడుక్కోలేదు. "అమ్మని నాను తీసుకుపోతానురా. నువ్వు పనికెల్లిపోతే ఈవిడెనకాల ఎవులున్నారు? ఈ ఇసకలో ఎప్పుడో పేనం మీదకి తెచ్చుకుంటాది" అంది.

"నీ ఇంటిలో నీ అత్త, మావ, పిల్లలు. ఈవిడకి అక్కడ దారులేటి తెలుస్తాయే?" అన్నాను నేను.

"దారులు తెలీకపోతే నేదు. మనుసులుంటారు."

 మనుషులు లేనిమాట నిజమే. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని మా ఇద్దరి గొంతులూ వింటూ ఉంది. ఉంటాననీ అనలేదు, వెళతాననీ అనలేదు. మా నాన్న పోయిన ఇల్లు వదలడం ఆవిడకి ఇష్టం లేదని నాకు తెలుసు. నా సంగతి చెప్పాలంటే, ఆవిడ వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనూ, బాడిసా మిగులుతాం. పొద్దున్న లేచి మాట్లాడటానికి మనిషి లేకుండా ఎన్నాళ్లు బతకాలి? ఆ మాట అప్పతో అనలేక, "ఏదో ఒకటి సేత్తాను. కొంచెం ఆగు" అన్నాను.

"వరికోతలు అయ్యాక వత్తాను. అప్పటికీ ఇలగే ఉంటే తీసుకుపోతాను. నువ్వు అడ్డు పడకు" అని చెప్పి వెళ్లిపోయింది.

అమ్మకి పొద్దు తెలిస్తే చాలు, దారి తప్పదు. నేను ఇంట్లో లేనప్పుడు ఆవిడకి పొద్దు ఎవరు చెబుతారు? ఇదొక్కటే నా బుర్రలో తిరుగుతూ ఉండేది. కొన్నాళ్ల కిందట టెక్కలిలో ఒక పెద్ద భూస్వామి ఇంట్లో తలుపులు బిగించడానికి వెళ్లినప్పుడు, బరంపురం నుంచి వచ్చిన ఒకతను వాళ్ల గోడగడియారం విప్పి శుభ్రం చేస్తున్నాడు. సగం ఒడియా, సగం తెలుగు కలిపి మాట్లాడే మనిషి. పక్కన కూర్చుంటే పొమ్మనలేదు. ఒక చక్రం ఇంకో చక్రాన్ని తోయడం, కొసని ఒక చిన్న కొక్కెం పన్ను పన్నుకీ పడి లేవడం చూశాను. ఇత్తడితో చేసింది కర్రతో ఎందుకు రాదు అని అప్పుడే అనుకున్నాను. అనుకోవడం వేరు, తలకెత్తుకోవడం వేరు అని తరవాత తెలిసింది.

గుడ్డి మనిషికి గడియారం చేసేటప్పుడు ఒక సుఖం ఉంది. దానికి ముఖం అక్కర్లేదు, ముళ్లు అక్కర్లేదు. చెవికి వినబడాలి, చేతికి తగలాలి. అంతే. పంచపాళీ వసారాలో నిట్రాట స్తంభానికి చట్రం బిగించాను. ఏతానికి రాయి కట్టినట్టే దీనికీ ఒక రాయి కట్టాలనుకున్నాను. కొబ్బరితాడు ఒక పనసకర్ర దిమ్మకి చుట్టి, కొసని రాయి వేలాడదీస్తే, రాయి దిగుతూ ఉంటే దిమ్మ తిరుగుతుంది. పొద్దున్న రాయి పైకి లాగి వదిలితే దీపాలవేళకి నేల చేరాలి. రాత్రికి పని లేదు. చప్పుడు లేకపోతే రాత్రి అని ఆవిడకి తెలిసిపోతుంది.

ఆ తాడుకి ముడులు వేయాలనుకున్నాను. ఒక జాము గడిస్తే ఒక ముడి, రెండో జాముకి రెండు ముడులు, అలా నాలుగు వరకు. ముడి కిందికి దిగుతూ ఒక చిన్న సుత్తిని ఎత్తి వదిలితే, అది ఆవు మెడలో కట్టే కర్రగంట మీద పడుతుంది. మధ్యలో ఎప్పుడైనా అనుమానం వస్తే చెయ్యి చాపి రాయి ఎంత ఎత్తులో ఉందో తడిమి చూసుకోవచ్చు. ఇదంతా నేను అరుగు మీద కూర్చుని అమ్మకి చెబుతూ ఉంటే ఆవిడ శ్రద్ధగా విని, "రాయి దబ్బున పడిపోదేటి?" అంది.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. రాయిని ఊరికే వదిలితే ఒక్క ఊపున కిందికొచ్చేస్తుంది. దాన్ని పన్ను పన్నుకీ ఆపి, వదిలి, మళ్లీ ఆపాలి. ఆ బరంపురం మనిషి దగ్గర చూసిన కొక్కెం చెక్కబోతే నా ఉలికి లొంగలేదు. విరిగినవి విరగ్గా, నాకు ఒళ్లు మండి ఒకసారి ఉలి తీసి తోటలోకి విసిరేశాను. తరవాత నేనే వెళ్లి ఇసకలో వెతుక్కున్నాను. "దొరికిందా?" అని అమ్మ నవ్వింది.

చివరికి నాకు తోచిన ఉపాయం చేశాను. అన్నిటికన్నా చివరి చక్రానికి పళ్లు పక్కకి, కిరీటం మీద మొనల్లా పెట్టాను. దాని ముందు నిలువుగా ఒక సన్నకర్ర నిలిపాను. ఆ కర్రకి పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. పై రెక్క చక్రం పైపళ్లకి అడ్డం పడితే, పన్ను దాన్ని తోసి పోతుంది. ఆ తోపుకి కర్ర తిరిగి కింది రెక్క కిందిపళ్లకి అడ్డం పడుతుంది. అలా ఒకటి మార్చి ఒకటి. నిలువుకర్ర తల మీద తక్కెడలాగా ఒక అడ్డకర్ర వేసి, రెండు కొసలా కొబ్బరిచిప్పలు కట్టాను. చిప్పల్లో ఇసక ఎక్కువ పోస్తే బరువెక్కి మెల్లిగా ఊగుతుంది, తీస్తే బేగి ఊగుతుంది. మా ఉద్దానం సీమలో ఇసకకి కరువేముంది.

చక్రాల పళ్లు నున్నగా లేకపోతే పట్టేస్తాయి. ఆ పని అమ్మ తీసుకుంది. కొబ్బరిపీచు, మెత్తటి ఇసక పెట్టి ఒక్కొక్క పన్నే రుద్దేది. వేలితో తడిమి, "ఇది గరుగ్గుంది, ఇది పరవానేదు" అని వేరు చేసేది. రుద్దుతూ మాట్లాడేది, నేను చెక్కుతూ జవాబు చెప్పేవాణ్ని. మా నాన్న మొదటి బండిచక్రం వంకర తిరిగితే ఊరంతా నవ్విన సంగతి, నా చిన్నప్పుడు నేను పనసకాయ జిగురు జుట్టుకి అంటించుకుంటే గుండు కొట్టించిన సంగతి, అప్పుడే విన్నాను. ఆ రోజుల్లో మాకు చెప్పుకోవడానికి ఎన్ని మాటలో. పొద్దెంతయిందని ఆవిడ అడగడమే మరిచిపోయేది.

అన్నీ బిగించి రాయి వదిలాను. చిప్పలు ఒక్కసారి ఊగాయి. ఆగిపోయాయి. చేత్తో కదిపితే ఇంకో ఊపు ఊగి మళ్లీ బిగుసుకుపోయాయి. విప్పాను. పళ్లు అరగదీశాను. మళ్లీ బిగించాను. అదే తంతు. వరి పండిపోతోంది, కొడవళ్లకి పిడులు వేయించుకోవడానికి జనం వచ్చేస్తున్నారు, నా గడియారమేమో రెండు ఊపులు ఊగి మొండికేస్తోంది. తల ప్రాణం తోకకొచ్చింది.

అమ్మ ఆ మూల కూర్చుని వింటూ ఉంది. "మళ్లీ తిప్పరా" అంది. తిప్పాను. "మళ్లీ" అంది. మళ్లీ తిప్పాను.

"ఇద్దరూ ఒక్కసారే యేత్తన్నారురా రోకలి" అంది.

"ఏటి?"

"దంపినప్పుడు ఇద్దరం ఒకే రోట్లో ఒకరి తరవాత ఒకరు యెయ్యాల. ఇద్దరూ ఒకేసారి యేస్తే రోకళ్లు గుద్దుకుంటాయి. నీది రెండు సప్పుళ్లు రావాల. ఒకటే వత్తంది."

వంగి చూశాను. నిజమే. పై రెక్కకి పన్ను ఎదురయ్యే క్షణానికే కింది రెక్కకీ పన్ను ఎదురవుతోంది. నేను పెట్టినవి పదహారు పళ్లు. సరి లెక్క. పైన పన్ను ఉంటే దానికి సూటిగా కింద కూడా పన్నే ఉంటుంది. పైన పన్ను ఉన్నప్పుడు కింద సందు ఉండాలి. అలా ఉండాలంటే పళ్లు బేసి ఉండాలి.

ఇప్పుడు మీకు మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా నాన్న, ఆయన నాన్న కూడా, చక్రానికి గానీ తలుపుకి గానీ బేసి లెక్క పెట్టేవారు కాదు. చక్రానికి ఆకులు సరి, తలుపుకి చెక్కలు సరి, కప్పుకి వాసాలు సరి. బేసి లెక్క పాడెకి కట్టే అడ్డకర్రలకే. నాకు ఉలి చేతికిచ్చిన రోజు మా నాన్న మొదట చెప్పింది అదే. ఇంకొకడెవడైనా అయితే బేసి పెట్టి ఎప్పుడో పని ముగించేసేవాడేమో. నాకు పదహారు తప్ప ఇంకో లెక్క తోచనే లేదు.

"బేసి ఎట్టాలమ్మా" అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "మనింట బేసి వద్దురా" అంది.

"వద్దంటే ఇది తిరగదు. ఇది తిరక్కపోతే అప్ప బండి కట్టుకుని వచ్చేస్తాది. ఏది కావాలో నువ్వే సెప్పు" అని గట్టిగా అరిచి బయటికి వెళ్లిపోయాను. తోట చివరిదాకా వెళ్లి, కోపం చల్లారాక వచ్చాను. అమ్మ ఆ చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని పళ్లు తడుముతూ ఉంది.

"పదిహేను ఎట్టు" అంది. "ఇరుసుతో కలిపి లెక్కెట్టు. పదహారవుతాది. మీ నాయిన అడిగితే అలగే సెప్తాను."

నవ్వొచ్చింది నాకు. ఆవిడకి నవ్వు రాలేదు. నిజంగానే అలా లెక్క సరిచేసుకుంది.

చక్రాన్ని పదిహేను భాగాలు చేయడం మాటలు కాదు. సగం, సగంలో సగం అయితే దారం మడిచి చేసేస్తాం. తాటాకు చీలిక ఒకటి చక్రం అంచు చుట్టూ చుట్టి, కొలత సరిగ్గా కోసి, దాన్ని మూడు మడతలు వేసి, ఆ మూడింటినీ ఐదేసి చేశాను. ఐదు మడతలు వేయడంలో ఎన్ని ఆకులు పాడు చేశానో. పళ్లు కోసి, బిగించి, రాయి వదిలాను. పై రెక్క, కింది రెక్క. టక్కు, టక్కు. చిప్పలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.  అమ్మ తల ఊపుతూ, "ఇప్పుడు దంపుడు బాగుంది" అంది.

చిప్పల్లో ఇసక పోసి, తీసి, నా నీడతో సరిచూసుకుంటూ కొన్నాళ్లు పట్టింది, రాయి పొద్దుతోపాటు దిగేలా కుదర్చడానికి.

వరికోతలయ్యాక మా అప్ప వచ్చింది. గడియారాన్ని చూసి, "ఇదేటిరా, మగ్గమా?" అంది. ఒక పూటంతా కూర్చుని అమ్మని పరీక్ష పెట్టింది. మధ్యమధ్యలో అడిగేది. అమ్మ చెయ్యి చాపి తాడు తడిమి, "మద్దేనం అవ్వడానికి ఇంకా సేపుంది" అని, "గంజి ఏళ దాటింది" అని చెప్పేది. ఒక్కటీ తప్పలేదు. కర్రగంట మూడు కొట్టేసరికి అప్ప కొంగుతో కళ్లు తుడుచుకుని, "సరే. ఇక్కడే ఉండమ్మా" అంది.  ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

తరవాతి సంగతి నేను అనుకోలేదు. అమ్మ నన్ను పొద్దు అడగడం మానేసింది. ఎందుకడుగుతుంది? గంట చెబుతోంది, తాడు చెబుతోంది. పొద్దున్న రాయి లాగి పనికి వెళ్లేవాణ్ని. దీపాలవేళకి వచ్చేసరికి నాలుగు కొట్టేసి, రాయి నేల మీద ఉండేది. అమ్మ కూడు పెట్టేది. తినేవాణ్ని. ఏం మాట్లాడాలో తోచేది కాదు. ఆవిడకీ తోచినట్టు లేదు. ఇంట్లో పని చేసే రోజుల్లో ఇంకా అన్యాయం. ఒక పక్క నా ఉలి, ఒక పక్క ఆ టక్కు టక్కు. ఆవిడ అరుగు మీద ముఖం సముద్రం వైపు పెట్టుకుని కూర్చునేది. ఎవరికీ ఎవరితో పని లేని ఇద్దరు మనుషుల్లా తయారయ్యాం. ఉన్న ఒక్క మాటనీ నేనే చెక్కి నిట్రాటకి తగిలించానని అప్పుడప్పుడూ అనిపించేది. కానీ మానేయమని ఎలా చెబుతాను? ఆవిడ క్షేమం దాని మీదే కదా ఆధారపడింది.

పుష్యమాసం చలి వచ్చింది. ఇరుసులకి నేను కొబ్బరినూనె రాసేవాణ్ని. ఇంట్లో కుండలకొద్దీ ఉండేది, చేతికి అదే వచ్చింది. బండి ఇరుసుకి ఆముదం రాసే వాణ్ని, దీనికి కొబ్బరినూనె ఎందుకు రాశానో ఇప్పటికీ నాకే తెలీదు. ఒకరోజు తెల్లవారుజామున చలికి నూనె పేరుకుపోయి వెన్నలా గట్టిపడింది. నేను రాయి లాగి వెళ్లిపోయాక కాసేపటికే చక్రాలు పట్టేశాయి. ఎండా లేక, గంటా లేక, ఆ రోజంతా ఆవిడకి పొద్దు లేదు. ఎక్కడికీ కదలకుండా నిట్రాటని ఆనుకుని కూర్చుంది. సాయంత్రం నేను గడపలో అడుగు పెట్టానో లేదో, "నాయినా, ఎంత పొద్దయిందిరా?" అంది.

ఆ మాట విని ఎన్నాళ్లయిందో. "దీపాలేళమ్మా" అన్నాను. "అయితే మీ నాయిన పనిముట్లు కడిగీ ఏళ" అని మొదలుపెట్టింది. కూడు తిన్నా ఆ కబుర్లు ఆగలేదు. మర్నాడు చక్రాలు విప్పి, కొబ్బరినూనె తుడిచి, ఆముదం రాశాను. మళ్లీ నడిచింది. మళ్లీ మాటలు ఆగాయి.

నాలుగు రోజులు కాకుండానే ఇంకో జబ్బు మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రాయి నేల మీద ఉండాలి కదా. మోకాలెత్తున వేలాడుతూ ఉండేది. చిప్పలు కదలకుండా ఉండేవి. అమ్మ, "ఎంత పొద్దయిందిరా?" అని అడిగేది. నేను చెప్పి, కాళ్లు కడుక్కుని, చక్రాల మీద పడేవాణ్ని. వేలితో అడ్డకర్రని కదిపితే చక్కగా ఊగేది. మర్నాడు మళ్లీ అక్కడే ఆగేది. ఎప్పుడూ మూడు కొట్టాకే, నాలుగుకి ముందే. నాలుగు ముడులు ఒకచోట లావెక్కి సుత్తికి తట్టుకుంటున్నాయేమో అని విప్పి సన్నగా వేశాను. తడిగాలికి కర్ర ఉబ్బిందేమో అని పళ్లు గీకాను. ఎలకలేమైనా తాడు కొరికాయా అని చూశాను. "ఏటి దీని రోగం?" అని నేను గొణుక్కుంటూ ఉంటే అమ్మ, "కర్రగదా. దానికీ అలుపుంటాది" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు బండి వేసుకుని వస్తానన్న రైతు రాలేదు. ఊళ్లో కాసేపు ఎదురుచూసి, పొద్దుండగానే తోట అడ్డంగా నడిచి, పెరటివైపు నుంచి ఇంట్లోకి వచ్చాను. మూడు కొట్టి ఎంతోసేపు కాలేదు. పెరటి గుమ్మంలో ఆగిపోయాను.

అమ్మ గడియారం కింద పీట వేసుకుని కూర్చుంది. చెయ్యి పైకెత్తి అడ్డకర్ర కొసని రెండు వేళ్లతో పట్టుకుంది. గట్టిగా కూడా కాదు, నిద్రపోతున్న పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు. చిప్ప ఆవిడ వేళ్ల కింద కొంచెం కొంచెం అదురుతోంది, కదలలేకపోతోంది. చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, దించకుండానే రెండో చేత్తో ఆ మోచేతిని ఆసరా పట్టింది. అలా ఎంతసేపటినుంచి పట్టుకుందో, రోజూ నేను వచ్చేదాకా ఎంతసేపు పట్టుకుంటోందో. ముఖం వీధి గుమ్మం వైపు ఉంది. నా అడుగుల కోసం వింటోంది.

 నాకు కోపం వచ్చింది, ఎందుకు రాదు? చలి పొద్దుల్లో చక్రాలన్నీ విప్పి, బిగించి, ముడులు విప్పి, వేసి, నన్ను ఎన్నిసార్లు తిప్పలు పెట్టింది. అడిగెయ్యాలనుకున్నాను. ఏమని అడుగుతాను? చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లి, ఇల్లు చుట్టి, వీధి గుమ్మంలోంచి కాళ్లు గట్టిగా ఈడుస్తూ వచ్చాను.

లోపలికొచ్చేసరికి పీట గోడవారకి చేరింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. వదిలితే నడిచిపోతుందని ఆవిడ భయపడినట్టుంది గానీ, చెయ్యి వదిలాక చక్రం మళ్లీ నడక అందుకోలేదు, రాయి మోకాలెత్తునే ఆగి ఉంది.

"ఒచ్చావా నాయినా. ఎంత పొద్దయిందిరా?" అంది.

"గడియారం ఆగిపోయినట్టుందే" అన్నాను.

"ఆగిపోయిందిరా. అలుపేమో."

"ఉంటాది" అన్నాను. "ఉండు, సూసొత్తాను."

వాకిట్లోకి వెళ్లి ఎండలో నిటారుగా నిలబడ్డాను. నీడ పొడుగ్గా కొబ్బరిచెట్ల మొదళ్లదాకా పోయింది. గుర్తు పెట్టుకుని అడుగులు కొలిచాను. ఇంతకుముందు ఎప్పుడూ కొలవనంత మెల్లిగా కొలిచాను. లోపలికొచ్చి ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను.

"అయితే మీ నాయిన బావికాడ సేతులు కడుక్కుని కేకేసీ ఏళ" అంది అమ్మ. "ఏమని కేకేసీవోడో తెలుసా?"

"తెలీదు, సెప్పు" అన్నాను. చెప్పింది. మొత్తం విన్నాను.

తరవాత ఆవిడ బతికిన ఏళ్లలో ఆ రాయి ఏనాడూ నేల తాకలేదు. నేను పొద్దున్నే పైకి లాగేవాణ్ని, మూడు జాములూ అది ఆవిడని కాసేది, నేను వచ్చే వేళకి ఆవిడ దాన్ని పట్టుకునేది. చూశానని నేను చెప్పలేదు. బాగుచెయ్యమని ఆవిడా అడగలేదు. ఎంత పొద్దున్న పనికి వెళ్లినా, వెలుగుండగానే ఇల్లు చేరడం అలవాటు చేసుకున్నాను. నీడ లేకపోతే ఏం కొలుస్తాను మరి?

ఆవిడ దినాలయ్యాక మా అప్ప, చుట్టాలు వెళ్లిపోయారు. మర్నాడు అలవాటుకొద్దీ రాయి పైకి లాగాను. పనికి వెళ్లబుద్ధి కాలేదు. పంచపాళీలో ఆ పీట మీదే కూర్చున్నాను. ఒకటి కొట్టింది. రెండు, మూడు కొట్టింది. మోకాలెత్తుకి వచ్చింది రాయి. ఆగలేదు. టక్కు టక్కుమని దిగుతూనే ఉంది. నాలుగు కొట్టింది. రాయి నేలని తాకి పక్కకి ఒరిగింది, చిప్పలు నిలిచిపోయాయి. నేను లేచి వాకిట్లోకి వెళ్లాను. కొలవడానికి నీడ లేదు. లోపలికొచ్చి, "దీపాలేళయిందమ్మా" అని గట్టిగానే చెప్పి, దీపం వెలిగించాను.